కొరియాలో స్కిన్ ట్రీట్‌మెంట్ చవకే, కానీ చేయించుకునే ముందు సైనికుల భార్యలు చూసుకోవాల్సినవి

దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌టేక్‌లో క్యాంప్ హంఫ్రీస్ అనే అమెరికా సైనిక స్థావరం ఉంది. విదేశాల్లో అమెరికాకున్న స్థావరాల్లోకెల్లా పెద్దది అదే. 2018లో కొరియాలోని అమెరికా బలగాల ముఖ్య కార్యాలయం సియోల్‌లోని యోంగ్‌సాన్ నుంచి అక్కడికి మారింది, దాంతో పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలూ పెరిగాయి. అలా వెళ్లిన ఆడవాళ్లకి ఇంట్లో సామాన్లు సర్దుకోకముందే పక్కింటావిడ చెప్పే మాట ఒకటుంటుంది: "ఇక్కడ స్కిన్ ట్రీట్‌మెంట్లు భలే చవక, ఉన్నప్పుడే చేయించేసుకో." చవకన్నది నిజం. ఆ "ఉన్నప్పుడే చేయించేసుకో" దగ్గరే నాకు పేచీ. ఎందుకంటే ఈ చికిత్సల్లో చాలావాటి ఫలితం నెలల మీద తేలుతుంది, తేడా వస్తే సరిచేయడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది, ఈలోపు భర్తకి బదిలీ ఆర్డర్ వచ్చి మీరు ఇంకో ఖండంలో ఉంటారు.

ముఖం మీద మంగు వచ్చిందనో, మొటిమల మచ్చలు పోవట్లేదనో బాధపడటం సోకు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. సైనికుడి భార్య అంటే రెండు మూడేళ్లకోసారి ఇల్లు, ఊరు, ఒక్కోసారి దేశమే మారిపోయే మనిషి. ఉద్యోగం ఉంటే అదీ పోతుంది. ఈ కుటుంబాల్లోని జీవిత భాగస్వాముల్లో నిరుద్యోగం 20 శాతానికి పైనే ఉందని అమెరికా రక్షణ శాఖ సర్వేలే ఏళ్ల తరబడి చెబుతున్నాయి. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు, నీళ్లు మారాయి, వాతావరణం మారింది, కొరియా చలికాలంలో పొడిగాలి, వసంతం వచ్చిందంటే మంగోలియా, చైనా ఎడారుల నుంచి కొట్టుకొచ్చే పసుపు దుమ్ము, దీనికి తోడు చాలామందికి గర్భమూ కాన్పూ కూడా ఈ బదిలీల మధ్యలోనే. చర్మం పాడవడానికి ఇంతకంటే కారణాలు అక్కర్లేదు. అమెరికా సైన్యంలో తెలుగువాళ్లూ ఉన్నారు, వాళ్లతో పాటు వెళ్లిన మన ఆడపిల్లలకి ఇంకో చిక్కు ఉంది, మన చామనఛాయ. దాని గురించి కింద వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ముందు ఇన్సూరెన్స్ సంగతి. సైనిక కుటుంబాలకి ఉండే ట్రైకేర్ అందం కోసం చేయించుకునే దేనికీ డబ్బు ఇవ్వదు. ముడతలకి బోటాక్స్ అంటే ఇవ్వదు, అదే బోటాక్స్ దీర్ఘకాలిక మైగ్రేన్‌కి వైద్యపరంగా అవసరమని తేలితే ఇస్తుంది. మందు ఒకటే, కారణం వేరు. చాలామంది ఈ తేడా తెలియక వైద్యం కిందికి వచ్చే సమస్యలకి కూడా బయట క్లినిక్‌లో సొంత డబ్బు పోస్తున్నారు. మానని మొటిమలు, ముఖం ఎర్రబడుతూ ఉండే రొజేషియా, ఎగ్జిమా, రంగో ఆకారమో మారుతున్న పుట్టుమచ్చ, ఇవన్నీ జబ్బులే. గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతూ నెలసరి కూడా సరిగా రావట్లేదంటే అది పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు, దానికి పరీక్షలు చేయించుకోవడం మీ హక్కు. లేజర్ కోసం సియోల్ బస్సు ఎక్కేముందు స్థావరంలోని బ్రయాన్ డి. ఆల్‌గుడ్ ఆర్మీ ఆసుపత్రిలో మీ డాక్టర్‌కి ఒకసారి చూపించండి. మొటిమలకి చీటీ మీద దొరికే మందులు మూడు నెలలు సరిగ్గా వాడితే, లేజర్ అవసరమే లేదని తేలేవాళ్లు చాలామంది ఉంటారు.

సైనిక ఆసుపత్రుల్లోనే అందం కోసం చేసే చికిత్సలు కొన్ని చోట్ల దొరుకుతాయి. ప్లాస్టిక్ సర్జన్లు, చర్మ వైద్యులు చేయి తప్పిపోకుండా ఉండటానికి రక్షణ శాఖ వాటిని అనుమతిస్తుంది. ఖాళీ ఉంటేనే చేస్తారు, డబ్బు మొత్తం ముందే కట్టాలి, అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. అయినా అడిగి చూడటంలో తప్పులేదు.

ఇక బయట చేయించుకున్నది వికటిస్తే? గాయానికి చీము పట్టి ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని వేరే జబ్బుగా చూసి ట్రైకేర్ చికిత్సకి ఒప్పుకునే అవకాశం ఉంటుంది. కానీ లేజర్ వల్ల పడిన మచ్చని పోగొట్టడం, ముఖం నిండుగా కనిపించడానికి ఎక్కించే జెల్, అంటే ఫిల్లర్, ఎగుడుదిగుడుగా వస్తే సరిచేయడం మళ్లీ అందం లెక్కలోకే వెళ్లిపోతాయి, ఆ ఖర్చు మీదే. కాబట్టి చికిత్స ధర అంటే క్లినిక్ గోడ మీద రాసిన అంకె ఒక్కటే అనుకోకండి. అది చెడితే ఎక్కడ, ఎవరు, ఎంతకి బాగుచేస్తారన్నది కూడా ఆ ధరలో భాగమే.

మరి కొరియాలో ఇంత తక్కువ ఎలా? నాణ్యత తక్కువ కాబట్టి అనుకుంటే పొరపాటు. మొదటి కారణం పోటీ. సియోల్‌లో గంగ్‌నమ్, సిన్సా, మ్యాంగ్‌డాంగ్ వైపు వెళ్తే ఒక్కో భవనంలో అంతస్తుకో క్లినిక్ ఉంటుంది. రెండోది, మందులూ మెషిన్లూ అక్కడే తయారవుతాయి. బొటులినమ్ మందు, అంటే బోటాక్స్ రకం మందు తయారుచేసే హ్యూజెల్, డేవూంగ్, మెడిటాక్స్ కొరియా కంపెనీలే, లేజర్లు చేసే లుట్రోనిక్, చర్మం బిగించే అల్ట్రాసౌండ్ మెషిన్లు చేసే క్లాసిస్ కూడా అక్కడివే. డేవూంగ్ వాళ్ల నబోటాకి 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది, అక్కడ దాన్ని జ్యూవో పేరుతో అమ్ముతున్నారు. హ్యూజెల్ మందు లెటిబో పేరుతో 2024లో ఆమోదం తెచ్చుకుంది. అంటే అమెరికాలో యూనిట్‌కి 10 నుంచి 20 డాలర్లు పెట్టి వేయించుకునే వరసలో ఉన్న మందే కొరియాలో ఒక ప్రాంతం మొత్తానికి కొన్ని పదుల వేల వాన్‌లకి వస్తుంది, డాలర్ 1,400 వాన్‌ల చుట్టుపక్కల ఉన్నప్పుడు లెక్క వేసుకోండి. మూడోది, అందం కోసం చేసే చికిత్సలు అక్కడి జాతీయ ఆరోగ్య బీమా కిందికి రావు, ధర పెట్టుకోవడం క్లినిక్ ఇష్టం. అందుకే బీమా రేట్లతో నడిచే వైద్యం వదిలి ఇటువైపు వచ్చే డాక్టర్లు ఎక్కువ, దాంతో పోటీ ఇంకా పెరుగుతోంది.

అలా పోటీ పడేవాళ్లు బయట రాసే ధర సాధారణంగా మొదటిసారి వచ్చినవాళ్లకిచ్చే ఆఫర్ ధర. దాని మీద 10 శాతం పన్ను పడుతుంది, మత్తు క్రీముకి వేరే, చివర్లో వేసే షీట్ మాస్క్‌కి వేరే. లోపలికి వెళ్లగానే మీతో కూర్చునేది డాక్టర్ కాదు, కన్సల్టేషన్ మేనేజర్. ఆవిడ పని ప్యాకేజీ అమ్మడం, పది సిట్టింగులకి ఇప్పుడే కడితే సగం ధర అంటుంది. బదిలీ మీద బతికే కుటుంబం పది సిట్టింగులకి ముందే డబ్బు కట్టకూడదు, మధ్యలో వెళ్లిపోతే మిగతాది తిరిగి రాబట్టుకోవడం భాష రాని దేశంలో మామూలు టెన్షన్ కాదు. ఒక్క సిట్టింగ్‌కి కట్టండి, అది కూడా అన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకుని.

డాక్టర్ ఎవరన్నది ధరకంటే ముఖ్యం. కొరియాలో లైసెన్స్ ఉన్న ఏ డాక్టరైనా చర్మ చికిత్సలు చేసే క్లినిక్ పెట్టుకోవచ్చు, చర్మ వైద్యంలో స్పెషలిస్టే కానక్కర్లేదు. అయితే బోర్డు రాసుకోవడంలో నియమం ఉంది, అది చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. చర్మ వైద్య స్పెషలిస్టు పెట్టిన క్లినిక్ అయితే క్లినిక్ పేరులోనే, ఆఖరి "ఉయివన్" (క్లినిక్) అన్న మాటకి ముందు "పిబుగ్వా" (చర్మ వైద్యం) అని ఉంటుంది. స్పెషలిస్టు కానివాళ్లు అలా రాసుకోకూడదు. పేరూ ఉయివన్ అన్న మాటా ముందు రాసి, పక్కన చిన్న అక్షరాల్లో వైద్య విభాగం పిబుగ్వా అని మాత్రమే పెట్టుకోవాలి. ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూస్తే రెండూ స్కిన్ క్లినిక్ అనే చూపిస్తుంది, అక్కడే మోసపోతాం. స్పెషలిస్టు కాకపోయినా చేయి తిరిగిన డాక్టర్లు ఉంటారు, కాదనను. కానీ మంగు ఉన్న చామనఛాయ ముఖం మాత్రం స్పెషలిస్టుకే చూపించండి. లేజర్ పట్టుకునేది డాక్టరే అయి ఉండాలి, సహాయకురాలు మెషిన్ పట్టుకుంటే లేచి వచ్చేయండి.

ఇప్పుడు రంగు సంగతి. 1975లో థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే హార్వర్డ్ చర్మ వైద్యుడు ఎండకి ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి చర్మాన్ని వర్గాలుగా విడదీశాడు, ఇప్పుడు వాడుకలో ఉన్నవి 6. కొరియావాళ్లలో ఎక్కువగా 3, 4 రకాలు కనిపిస్తే మనలో 4, 5 ఎక్కువ. లేజర్ వెలుగుని చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పీల్చుకుని వేడెక్కుతుంది, మచ్చ పోయేది ఆ వేడి వల్లే. చిక్కేంటంటే మచ్చలో ఉన్న మెలనిన్‌కీ చుట్టూ ఉన్న మామూలు చర్మంలోని మెలనిన్‌కీ లేజర్ తేడా చూపించదు. తెల్ల చర్మంలో మచ్చ ఒక్కటే వేడెక్కుతుంది, మన చర్మంలో చుట్టుపక్కలా కాలుతుంది. ఆ వాపు తగ్గాక అక్కడ నల్లగా మిగిలిపోతుంది. ఒక మచ్చ తీయించుకోబోతే దాని చుట్టూ ఇంకో పెద్ద మచ్చ, అది మాయడానికి నెలలు పట్టొచ్చు. లేజర్ తరంగదైర్ఘ్యం తక్కువగా ఉన్నకొద్దీ మెలనిన్ ఎక్కువ పీల్చుకుంటుంది, అందుకే 532 నానోమీటర్లు, 755 నానోమీటర్ల అలెక్సాండ్రైట్, లేజర్ కాకుండా తీవ్రమైన వెలుగుతో చేసే ఐపీఎల్ లాంటివి మనకి రిస్కు. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లోతుకి వెళ్తుంది, పైపొర మెలనిన్‌ని తక్కువ తాకుతుంది, కాబట్టి మనకి దానితో భయం తక్కువ. క్లినిక్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ మెషిన్, ఎన్ని నానోమీటర్లు అని. ఇదడిగితే డాక్టర్ నొచ్చుకోడు, తెలిసిన పేషెంట్ అనుకుంటాడు.

మంగు విషయంలో ఇంకా జాగ్రత్త. కొరియాలో మంగుకి ఎక్కువగా చేసేది లేజర్ టోనింగ్, అంటే అదే 1064 లేజర్‌ని తక్కువ శక్తితో వారం రెండు వారాలకోసారి పదేపదే వేయడం. మొదటి నాలుగైదు సిట్టింగులకి ముఖం తేటపడుతుంది, సంతోషం. ఆపేశాక చాలామందికి మంగు తిరిగొస్తుంది. ఆపకుండా సాగదీస్తే కొందరికి బియ్యపు గింజలంత తెల్ల చుక్కలు పడతాయి, వాటిని మాన్పడం మంగుకంటే కష్టం. మంగు పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునే జబ్బు, దాన్ని రెచ్చగొట్టేవి ఎండ, వేడి, హార్మోన్లు. గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాక వచ్చిందా, కాన్పు తర్వాత వచ్చిందా అన్నది డాక్టర్‌కి చెప్పండి.

దీనికి చవకైన మందు సన్‌స్క్రీన్, నేను మళ్లీ మళ్లీ చెప్పేది ఇదే. కొరియా సన్‌స్క్రీన్లు తేలిగ్గా ఉంటాయి, ధరా తక్కువ. అయితే మంగుకి మామూలు సన్‌స్క్రీన్ చాలదు, కంటికి కనిపించే వెలుతురు కూడా మన చర్మాన్ని నల్లబరుస్తుంది, దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్. కొరియా షాపుల్లో మన రంగుకి సరిపోయే షేడ్ దొరకడం కష్టం, ముఖం బూడిద పూసినట్టవుతుంది. అందుకని రంగు సన్‌స్క్రీన్ మాత్రం అమెరికా నుంచో ఇండియా నుంచో తెప్పించుకోవడం మేలు. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవున రాయాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. దీనికి తోడు మచ్చల్ని తగ్గించే పూత మందులు: అజిలాయిక్ యాసిడ్, గర్భం లేనివాళ్లకైతే రాత్రిపూట ట్రెటినాయిన్, డాక్టర్ రాస్తే కొద్ది నెలలు హైడ్రోక్వినోన్. లేజర్ ఆలోచన వీటన్నిటి తర్వాతే.

ఇక్కడ మన ఊళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమ్మ పంపే సూట్‌కేసులో పచ్చళ్లతో పాటు "మెడికల్ షాపాయన ఇచ్చాడు, నాలుగు రోజుల్లో తెల్లబడతావు" అనే ట్యూబ్ ఒకటి వస్తుంది. తీసి చూస్తే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ మూడూ కలిపిన క్రీమో, లేక నేరుగా బీటామెథసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడో. అవి డాక్టర్ చెప్పినన్ని వారాలు వాడే మందులు. ఏళ్ల తరబడి ఫెయిర్‌నెస్ క్రీములా పూస్తే చర్మం పల్చబడి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, ఆపితే ముఖం మంటెత్తిపోతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు. ఆ క్రీము వాడుతూ కొరియాలో లేజర్‌కి వెళ్తే పల్చబడ్డ చర్మం మీద వేడి పడుతుంది, కాబట్టి వాడుతుంటే ఆ ట్యూబ్ తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించాలి, సిగ్గుపడాల్సిన పనిలేదు.

బోటాక్స్‌లో భయం కొంచెం తక్కువ, ఎలా వచ్చినా మూడు నాలుగు నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఒక బ్రాండ్ యూనిట్లు ఇంకో బ్రాండ్ యూనిట్లకి సమానం కావు, కాబట్టి "నాకు 20 యూనిట్లు వేశారు" అంటే సరిపోదు, ఏ బ్రాండో రాయించుకోవాలి. ఫిల్లర్ అలా కాదు. అరుదే అయినా పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు. వేసిన చోట తెల్లబడటం, భరించలేని నొప్పి, చూపు మసకబారడం కనిపిస్తే క్షణం ఆగకూడదు. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ అయితే హయలురోనిడేజ్ అనే మందుతో కరిగించవచ్చు, అది క్లినిక్‌లో ఉందా అని ముందే అడగండి. సియోల్‌లో ఫిల్లర్ వేయించుకుని వెంటనే బస్సెక్కి 60 కిలోమీటర్ల అవతల ఇంటికి వచ్చేయడం నాకు నచ్చదు, కొన్ని గంటలైనా ఆ దగ్గర్లో ఉండండి.

ఇప్పుడు అందరూ మాట్లాడుకునేది రెజురాన్, సాల్మన్ చేప డీఎన్ఏ నుంచి తీసిన పదార్థాన్ని చిన్న చిన్న సూదులతో ముఖమంతా ఎక్కించడం. కొరియాలో ఇది మామూలే. అమెరికాలో ఇంజెక్షన్‌గా దీనికి ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. రేపు టెక్సాస్‌కో జార్జియాకో బదిలీ అయ్యాక ముఖం మీద గడ్డలు మిగిలితే, అక్కడి డాక్టర్ దాన్ని ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. ఫలితం బాగుందని చెప్పేవాళ్లు ఉన్నారు, చేయించుకోవద్దని నేను అనను, బదిలీకి ముందు ఆరు నెలల్లో మాత్రం కొత్తగా మొదలుపెట్టకండి.

లేజర్‌తో వెంట్రుకలు తీయించుకోవడం మాత్రం విదేశీ పోస్టింగ్‌కి బాగా కుదిరే పని, ముందుగా మొదలుపెడితే. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, ఆరో ఎనిమిదో సిట్టింగులు అంటే ఐదు నుంచి పది నెలలు, కాబట్టి దిగిన మొదటి చలికాలంలోనే మొదలుపెట్టాలి. కొరియాలో నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఎండ తక్కువ కాబట్టి లేజర్లకి అనువైన కాలం. మే నెలలో అమ్మానాన్నల్ని చూడటానికి గుంటూరో వరంగలో వెళ్లే ఆలోచన ఉంటే అంతకు నెల ముందు నుంచే ముఖం మీద ఏ లేజరూ వద్దు. ఎండకి ఆ చర్మం వెంటనే నల్లబడుతుంది.

జర్మనీలో రామ్‌స్టైన్ అనే అమెరికా వైమానిక స్థావరం చుట్టుపక్కల ఉన్నవాళ్లకి కొరియా అంత చవక దొరకదు, కానీ నియమాలు గట్టివి. 2020 డిసెంబర్ 31 నుంచి అక్కడ పచ్చబొట్టు తీసే లేజర్లు, చర్మం పైపొరని తొలగించే లేజర్లు డాక్టర్లే చేయాలి. అయితే హైల్‌ప్రాక్టికర్ అనే ప్రత్యామ్నాయ వైద్యులు ఫిల్లర్ వేయొచ్చు, బోటాక్స్ వేయకూడదు. ఫిల్లర్ కోసమైతే అక్కడ వేసేది డాక్టరేనా కాదా చూసుకోండి.

అన్నిటికంటే చవకని చెప్పుకునేది ఇంట్లోనే చేసుకోవడం. ఆన్‌లైన్‌లో ఫిల్లర్, సూది లేకుండా ఒత్తిడితో ఫిల్లర్‌ని చర్మంలోకి తోసే హయలురాన్ పెన్ కొని, వీడియో చూసి, స్నేహితురాలి ఇంట్లో ఒకరికొకరు వేసుకుంటారు. ఆ పెన్నుల గురించి ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది. వేసే ఆవిడ అమెరికాలో నర్సే కావచ్చు, ఆ లైసెన్స్ కొరియాలో చెల్లదు, క్వార్టర్స్‌లో ఇలాంటి పని పెట్టుకోవడానికి అనుమతీ ఉండదు. దయచేసి ఈ ఒక్కటీ చేయకండి.

వెళ్లేముందు డాక్టర్‌కి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి: గర్భం ఉందా లేక ప్రయత్నంలో ఉన్నారా, పాలిస్తున్నారా, గాయమైతే మచ్చ ఉబ్బి గట్టిపడే తత్వం ఉందా, పెదవుల దగ్గర జ్వరపు పొక్కులు వస్తుంటాయా, మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ వాడుతున్నారా. కొత్త లేజర్ ఏదైనా ముందు చెవి వెనకో దవడ కిందో చిన్న చోట వేయించుకుని కొన్ని వారాలు చూడండి, మన చర్మంలో నలుపు వెంటనే తేలదు. ఇంకోసారి రావడం కుదరదని ఆ పరీక్ష వదిలేస్తే ముఖం మొత్తాన్నీ పరీక్షకి పెట్టినట్టే.

చికిత్స అయ్యాక అడిగి తీసుకోవాల్సినవి: మెషిన్ పేరు, తరంగదైర్ఘ్యం, ఎంత శక్తి పెట్టారు, ఎన్ని సిట్టింగులు, ఇంజెక్షన్ అయితే బ్రాండ్, ఎన్ని యూనిట్లు లేదా ఎన్ని మిల్లీలీటర్లు, ఏ చోట. ఫిల్లర్ డబ్బా మీద లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది, ఫోటో తీసుకోండి. కొరియన్‌లో రాసిచ్చినా ఫరవాలేదు, తర్వాత ఎవరైనా అనువాదం చేస్తారు. బదిలీ అయినప్పుడు మీ సైనిక ఆసుపత్రి రికార్డుల్లో ఇవేవీ ఉండవు, బయట చేయించుకున్నవి కాబట్టి. రెండేళ్ల తర్వాత ఎక్కడో చెంప ఉబ్బితే అక్కడి డాక్టర్ మొదట అడిగేది లోపల ఏముంది, కరిగించే రకమా కాదా అని, ఆ ఫోటో ఉంటే వెంటనే చెప్పగలుగుతారు.